ట్రకోమా: నీళ్ళు, ఈగలు, ఇరుకు ఇళ్ళు – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

భారతదేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించిన సంగతిని క్లుప్తంగా ప్రస్తావించినప్పటి నుండి ఈ శీర్షికకు ఆ జబ్బు గురించి ప్రశ్నలు వస్తున్నాయి. ఎక్కువమంది అడిగినవి శుభ్రతకూ, ఇంటి పరిస్థితులకూ సంబంధించినవే కనుక ఈసారి వాటికే చోటు కేటాయించాము.

ప్రశ్న: ట్రకోమా అంటే అసలు ఏమిటి? మన దేశంలో అది మందులతో పోయిందా, లేక జనం బతుకులు మెరుగుపడడం వలన పోయిందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల

జవాబు: ట్రకోమా అనేది క్లమీడియా ట్రకోమాటిస్ అనే సూక్ష్మజీవి వలన కళ్ళకు వచ్చే అంటువ్యాధి. ఒక్కసారి సోకినంత మాత్రాన దీనివలన చూపు పోదు. పసితనంలో మళ్ళీ మళ్ళీ సోకడం వలన పైరెప్ప లోపలి పొర వాచి, దాని మీద సగ్గుబియ్యపు గింజల్లాంటి చిన్న చిన్న పొక్కులు తేలతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ అవి మాని మచ్చలుగా మారి, ఆ మచ్చలు రెప్పను లోపలికి లాగుతాయి. అప్పుడు రెప్ప అంచు లోపలికి మడత పడి, కన్ను ఆర్పిన ప్రతిసారీ వెంట్రుకలు నల్లగుడ్డును గీరుతూ ఉంటాయి. ఆ రాపిడికి నల్లగుడ్డు మీద పుండు పడి, పువ్వు వేసి, చివరకు చూపు పోతుంది. మూడు నాలుగేళ్ళ వయసులో అంటిన జబ్బుకు మూల్యం సాధారణంగా నడివయసులోనో, ఆ తరువాతనో చెల్లించవలసి వస్తుంది. అందుకే బాధపడేవారికి కూడా దాని మూలం తమ బాల్యంలో ఉందని తట్టదు.

ఇక మందా, మెరుగైన బతుకా అన్న మీ ప్రశ్నకు పాత చరిత్రలోనే ఒక స్పష్టమైన ఆధారం ఉంది. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర నుండి తిరిగి వచ్చిన సైనికుల వెంట ఈ జబ్బు ఐరోపాలో విస్తృతంగా వ్యాపించింది. లండన్‌లోని ప్రసిద్ధ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి 1805లో ఏర్పడడానికి ఆ తాకిడే కారణం. ఆ తరువాత సుమారు నూరేళ్ళకు, అమెరికాకు ఓడలలో చేరుకున్న వలసదారుల పైరెప్పలను ఎల్లిస్ దీవిలోని వైద్యులు బూట్ల గుండీలు పెట్టుకునే కొక్కెంతో తిరగేసి చూసి, ట్రకోమా ఉందని తేలినవారిని వెనక్కి పంపేవారు. ఐరోపాలోని బ్యారక్‌లలో, కార్మికవాడలలో, అనాథాశ్రమాలలో అంతగా పాతుకుపోయిన ఈ వ్యాధి అక్కడ చాలా ప్రాంతాలలో తగ్గుముఖం పట్టినది మాత్రం సల్ఫా మందులు గాని, యాంటీబయాటిక్‌లు గాని రాకముందే. ఇళ్ళలోకి కుళాయిలు వచ్చి, మురుగు కాలువలు పడి, ఒక్క గదిలో పదిమంది పడుకోవలసిన అవసరం తగ్గిన చోటల్లా అది తనంతట తాను వెనక్కి తగ్గింది. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ఆస్ట్రేలియా. మందులకు గాని, వైద్యులకు గాని ఏ కొరతా లేని ఆ సంపన్న దేశంలో ఎడారి ప్రాంతపు మూలవాసుల ఊళ్ళలో ట్రకోమా 21వ శతాబ్దంలోకి కూడా కొనసాగింది. అక్కడి ఇరుకు ఇళ్ళూ, పాడైపోయి బాగుకు నోచుకోని కుళాయిలూ అందుకు ముఖ్య కారణాలు.

మన దేశంలో రెండూ కలిసి పనిచేశాయి. జాతీయ ట్రకోమా నియంత్రణ కార్యక్రమం 1963లో మొదలై, 1976లో అంధత్వ నివారణ కార్యక్రమంలో కలిసిపోయింది. 1971లో దేశంలోని మొత్తం అంధత్వంలో 5 శాతం ట్రకోమా వలన వచ్చినదేనని ప్రభుత్వ లెక్క. 2014–17 మధ్య జరిగిన జాతీయ సర్వేలో చిన్నపిల్లలలో చురుకైన ట్రకోమా, అంటే రెప్ప లోపల వాపు, పొక్కులు ఉన్న తొలి దశ, 0.7 శాతానికి దిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఒకటి నుండి తొమ్మిదేళ్ళ పిల్లలలో 5 శాతం లోపు కనుక, దేశం చురుకైన ట్రకోమా నుండి బయటపడిందని 2017 డిసెంబరులోనే మన ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఈ విజయానికి స్వచ్ఛ భారత్, జల్ జీవన్ మిషన్ కారణమని ఇప్పుడు తరచు రాస్తున్నారు. అవి మంచి కార్యక్రమాలే గాని, జల్ జీవన్ మిషన్ మొదలైంది 2019లో అని గుర్తుంచుకుంటే, ఆ తగ్గుదల వెనుక అంతకు ముందు దశాబ్దాల చేతిపంపులు, రక్షిత నీటి పథకాలు, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కంటి లేపనాలు, పల్లెల ఆదాయంలో వచ్చిన మార్పు ఉన్నాయని ఒప్పుకోక తప్పదు.

మన దేశంలో ఈ జబ్బు ఎక్కువగా కనిపించినది పంజాబ్, హర్యానా, రాజస్థాన్, గుజరాత్, ఉత్తరప్రదేశ్ వంటి ఉత్తర, వాయవ్య ప్రాంతాలలో. దక్షిణాదిలో అంత తీవ్రత లేదు. అయితే పొడి నేలలకే ఇది పరిమితమని అనుకోవడం పొరపాటు. వానలకు ఏ లోటూ లేని కార్ నికోబార్ ద్వీపంలో 2010లో పరీక్షించినప్పుడు సుమారు సగం మంది చిన్నపిల్లలలో చురుకైన ట్రకోమా బయటపడి, ఊరందరికీ మందు ఇవ్వవలసి వచ్చింది. ఆకాశం నుండి ఎన్ని నీళ్ళు పడ్డాయన్నది కాదు, పిల్లవాడి ముఖం దాకా ఎన్ని వచ్చాయన్నది ఇక్కడ లెక్క.

ప్రశ్న: మావారు కొన్నేళ్ళు ఇథియోపియాలోని బహిర్ దార్‌లో అధ్యాపకులుగా పనిచేశారు. చుట్టుపక్కల పల్లెలకు వెళ్ళినప్పుడు పసిపిల్లల కళ్ళకు పుసులు కట్టి, ఈగలు ముసురుతున్నా తల్లులు తోలకపోవడం చూసి నాకు ఆశ్చర్యం కలిగేది. ముఖం కడగడానికి పెద్ద ఖర్చేమీ లేదు కదా. ఇది నిర్లక్ష్యమేనా?
– ఒక గృహిణి, హైదరాబాద్

జవాబు: మీరు ఉన్న అమ్హారా ప్రాంతం ప్రపంచంలోనే ట్రకోమా బెడద అత్యధికంగా ఉన్న చోట్లలో ఒకటి. అక్కడి పల్లెలలో ఆడవాళ్ళు ఇరవై లీటర్ల పసుపు రంగు ప్లాస్టిక్ క్యాన్‌ను తాడుతో వీపుకు కట్టుకుని, వంగి నడుస్తూ రావడం మీరు చూసే ఉంటారు. ఇరవై లీటర్లంటే ఇరవై కిలోల బరువు. ఆరేడుగురున్న ఇంట్లో తాగడానికీ, వంటకూ, గిన్నెలకూ, గొడ్డూగోదాకూ కలిపి రోజుకు అలాంటివి ఒకటి రెండు క్యాన్లే వస్తే, మనిషికి దక్కేది ఐదారు లీటర్లకు మించదు. మనం స్నానాల గదిలో ఒక్క బకెట్ నింపి పోసుకునే నీళ్ళతో అక్కడ ముగ్గురి రోజు గడవాలి. నీళ్ళు తెచ్చుకుని రావడానికి అరగంటకు మించి పట్టే చోట ఇంటి వాడకం బాగా పడిపోతుందని అనేక దేశాలలో గమనించారు. అలా పడిపోయినప్పుడు తాగునీరు తగ్గదు, వంట నీరు తగ్గదు. తగ్గేది కడుగుడు నీరే. అందులోనూ ముందుగా కోత పడేది నోరు తెరిచి అడగలేని పసివాడి ముఖం మీద.

అయితే మీ సందేహంలో కొంత నిజం లేకపోలేదు. నీటి దూరం ఒక్కటే సమస్తాన్నీ నిర్ణయించదు. పశ్చిమ ఆఫ్రికా దేశమైన గాంబియాలోని ఒక పల్లె గురించి 1991లో ప్రచురించిన పరిశీలనలో, రెండు ఇళ్ళకు వచ్చే మొత్తం నీళ్ళు ఒకే మోతాదులో ఉన్నా, పిల్లలను కడగడానికి అందులో ఎక్కువ వాడిన ఇంట్లో ట్రకోమా తక్కువగా ఉందని తేలింది. టాంజానియాలోని కొంగ్వా ప్రాంతంలో తల్లులతో మాట్లాడినప్పుడు, ముఖం కడగాలంటే చాలా నీళ్ళు కావాలని వారు నమ్ముతున్నట్టు తెలిసింది. నిజానికి దోసిటిలో పట్టే నీళ్ళతో ఒక పసిముఖం శుభ్రపడుతుంది. అడుగున చిల్లు పెట్టిన సీసానో, డబ్బానో గుంజకు వేలాడదీసి, సన్నని ధార కింద చేతులూ, ముఖమూ కడుక్కునే ఏర్పాటు అటువంటి చోట్ల బాగా పనికివస్తుంది. అదే కొంగ్వాలో కంటి లేపనం ఒక్కటే ఇచ్చిన ఊళ్ళకంటె, లేపనంతో పాటు పిల్లల ముఖాలు కడిగించే ప్రచారం గట్టిగా చేసిన ఊళ్ళలో తీవ్రమైన ట్రకోమా తగ్గిందని 1995లో ప్రకటించిన పరిశోధన చెప్పింది.

ముఖం శుభ్రంగా ఉండడం ఎందుకంత ముఖ్యమంటే, సూక్ష్మజీవి ఉండేది కంటి పుసిలోనూ, ముక్కు చీమిడిలోనూ కనుక. తల్లి తన కొంగుతో ఒక బిడ్డ కళ్ళు తుడిచి, అదే కొంగు చివరతో రెండో బిడ్డ ముక్కు తుడుస్తుంది. రాత్రి ఒకే దుప్పటి కింద ముగ్గురు నలుగురు పిల్లలు ముఖానికి ముఖం ఆనించి పడుకుంటారు. ఇంట్లో ఒకరికి నయమయ్యేలోగా మరొకరికి అంటుకుని, వారి నుండి తిరిగి మొదటివారికి వస్తుంది. ఊరంతా ఒకేసారి ఈ సూక్ష్మజీవిని చంపే అజిత్రోమైసిన్ మందు మింగినా ఏ ఒక్క ఇంట్లో మిగిలిపోయిన సూక్ష్మజీవి అయినా ఇదే దారిన మళ్ళీ ఊరంతా తిరుగుతుంది. అమ్హారాలో ఏటేటా మందు పంచుతూ దశాబ్దం దాటినా కొన్ని జిల్లాలలో జబ్బు హద్దులోకి రాకపోవడం ఇందుకు నిదర్శనం.

ఇంకొక సంగతి కూడా మీకు చెప్పడం న్యాయం. అదే అమ్హారాలోని వాగ్ హేమ్రా ప్రాంతంలో 40 సముదాయాలను తీసుకుని, వాటిలో సగానికి నీటి వసతి, సబ్బు, మరుగుదొడ్ల ప్రచారం, ముఖం కడగడం నేర్పే పాఠాలు మూడేళ్ళపాటు అందించి చూశారు. 2022లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, కంటిలోని సూక్ష్మజీవి ఆ సముదాయాలలో మిగతా సగం కంటె చెప్పుకోదగినంత తగ్గలేదు. దీనిని చూపి, శుభ్రత వలన ప్రయోజనం లేదని కొందరు వాదిస్తారు. నా అభిప్రాయం వేరు. ఐరోపాలో జబ్బును వెనక్కి నెట్టినది ఒక బావీ, కొన్ని సబ్బు బిళ్ళలూ కాదు. ఇంటి గోడ లోపలికి వచ్చిన నీరు, గదుల సంఖ్య, చదువు, ఆదాయం కలిసి రెండు తరాలపాటు తెచ్చిన మార్పు అది. మూడేళ్ళలో చేతనైనంత చేసి, ఆ మార్పును ఆశించడం తొందరపాటే. అందువలన ఆ తల్లులను నిర్లక్ష్యం పేరుతో తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. గంటసేపు నడిచి తెచ్చిన నీళ్ళను ఎలా పంచాలో నిర్ణయించుకోవలసిన అవసరం మనలో చాలామందికి ఎన్నడూ రాలేదు.

ప్రశ్న: నేను పారిశుద్ధ్య విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మరుగుదొడ్డి కడితే నీళ్ళ విరేచనాలు తగ్గుతాయని మేము ఊరూరా చెప్పేవాళ్ళం. కంటి జబ్బుకు కూడా మరుగుదొడ్డికి సంబంధం ఉందని ఇటీవల విన్నాను. అది ఎలా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: ఆ సంబంధం ఈగ ద్వారా వస్తుంది, అదీ అన్ని ఈగల ద్వారా కాదు. మన వంటింట్లో, మిఠాయి దుకాణంలో తిరిగే మామూలు ఈగ పదార్థాల మీద వాలుతుంది. ముఖాల మీద వాలడానికి ఇష్టపడేది దాని దగ్గరి జాతికి చెందిన మస్కా సార్బెన్స్ అనే ఈగ. దానికి కంటి తడి, ముక్కు తడి ఆహారం. గుడ్లు పెట్టడానికి మాత్రం దానికి ముఖ్యంగా కావలసినది ఆరుబయట నేల మీద పడి ఉన్న మనిషి మలం. గుంట మరుగుదొడ్డిలో అది పెరగదు. అంటే, మామూలుగా కట్టిన సాదా గుంటదొడ్డి అయినా సరే, అందరూ వాడితే ఆ ఈగకు పుట్టిల్లు లేకుండా పోతుంది. ఖరీదైన నిర్మాణం ఇందుకు అక్కరలేదు. ఇక్కడ మీకు ఒక విషయం ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దలు దొడ్డికి వెళ్తున్నా, పసిపిల్లలను వాకిట్లోనో, చెత్తకుప్ప పక్కనో కూర్చోబెట్టే అలవాటు చాలా ఊళ్ళలో పోలేదు. ట్రకోమా విషయంలో ఆ చిన్నపిల్లల మలమే పెద్ద చిక్కు, ఎందుకంటే అది ఇంటికి అతి దగ్గరలో, పిల్లలు ఆడుకునే చోటే పడి ఉంటుంది.

గాంబియాలో పరిశోధకులు కొన్ని ఊళ్ళలో కీటకనాశిని చల్లి, కొన్నిటిలో గుంటదొడ్లు కట్టి, మరికొన్నిటిని అలాగే వదిలి పోల్చి చూశారు. 2004లో వెలువడిన ఆ ఫలితాలలో, మందు చల్లిన ఊళ్ళలో పిల్లల కళ్ళ మీద వాలే ఈగలు 88 శాతం తగ్గాయి, ట్రకోమా సగానికి పైగా తగ్గింది. దొడ్లు కట్టిన ఊళ్ళలో ఈగలు 30 శాతం తగ్గాయి. జబ్బు కూడా కొంత తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని గణాంకాలతో రూఢి చేయగలిగినంత కాదు. మందు చల్లడం ఆపగానే ఈగలు తిరిగి వస్తాయి, నాలుగు కాలాలపాటు నిలిచేది దొడ్డే. గాంబియా 2021లో ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా తొలగించిన దేశాల జాబితాలో చేరింది.

పశువుల పాక ఇంటిని ఆనుకుని ఉంటే ట్రకోమా పెరుగుతుందా అని మీ ఉత్తరంలోనే మరోచోట అడిగారు. దానిపై ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కొన్నిచోట్ల సంబంధం కనిపించింది, కొన్నిచోట్ల లేదు. పేడకుప్పను దూరంగా వేయడం మంచిదే, కాని మనిషి మలాన్ని వదిలేసి పేడ మీద పడితే పని జరగదు.

ప్రశ్న: మా వీధిలో రాజస్థాన్‌లోని బార్మేర్ నుండి వచ్చి స్థిరపడిన కుటుంబం ఉంది. వాళ్ళింటి పెద్దావిడ కన్ను ఎప్పుడూ ఎర్రగా, నీరు కారుతూ ఉంటుంది. వెంట్రుకలు లోపలికి గుచ్చుకుంటున్నాయని అప్పుడప్పుడు అద్దం ముందు కూర్చుని శ్రావణంతో పీకించుకుంటుంది. మా పిల్లలు ఆవిడ దగ్గర ఆడుకుంటారు. వాళ్ళకు అంటుకుంటుందా?
– ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: భయపడవలసిన అవసరం లేదు. మీరు చెప్పిన లక్షణాలు ట్రకోమా చివరి దశవే అయితే, అవి చిన్ననాటి జబ్బు వదిలివెళ్ళిన మచ్చల ఫలితం. ఆ వయసులో, ఆ దశలో కంటిలో సూక్ష్మజీవి సాధారణంగా మిగిలి ఉండదు. జబ్బును పంచేది పసిపిల్లలు, దాని బాధ అనుభవించేది పెద్దవాళ్ళు. పెద్దవాళ్ళలోనూ ఎక్కువగా ఆడవాళ్ళు. ట్రకోమా వలన చూపు కోల్పోయే ముప్పు మగవారికంటె స్త్రీలకు నాలుగు రెట్ల వరకు ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బాలికగా తమ్ముళ్ళను ఎత్తుకుని, తల్లిగా బిడ్డలను సాకి, అవ్వగా మనవలను ఆడించే స్త్రీకి జీవితమంతా పసిముఖాల మధ్యనే గడుస్తుంది. ప్రతి తరం నుండీ ఆమెకు మళ్ళీ అంటుకోవడానికి అవకాశం ఉంటుంది.

వెంట్రుకలు పీకడం వలన కొద్ది వారాలు ఉపశమనం కలుగుతుంది. తరువాత మొండిగా, గట్టిగా మొలిచిన కొసలు ఇంకా ఎక్కువ గుచ్చుకోవచ్చు, సగంలో విరిగినవైతే మరీను. పైగా శుభ్రం చేయని శ్రావణం వలన కంటికి వేరే బాధలు రావచ్చు. ఇందుకు సరైన మార్గం రెప్ప అంచును బయటివైపుకు తిప్పి కుట్టే చిన్న శస్త్రచికిత్స. దానిని రెప్పకు మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు, మామూలుగా ఆ రోజే ఇంటికి పంపిస్తారు. కొందరిలో వెంట్రుకలు కొన్నాళ్ళకు తిరిగి లోపలికి మళ్ళే అవకాశం ఉంది కనుక, ఆపరేషన్ తరువాత కూడా చూపించుకుంటూ ఉండాలి. నల్లగుడ్డు మీద పువ్వు పడకముందే ఇది జరగాలి, ఎందుకంటే పోయిన చూపును ఈ ఆపరేషన్ తెచ్చి ఇవ్వదు. పెద్దావిడకు భాష ఇబ్బంది అయితే, మీలో ఎవరైనా వెంట ఉండి దగ్గరి ప్రభుత్వ కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. వయసుతో రెప్ప వదులై లోపలికి మడత పడడం వంటి ఇతర కారణాలు కూడా ఉంటాయి కాబట్టి, పైరెప్ప తిరగేసి చూసిన వైద్యులు చెప్పేదాకా అది ట్రకోమానే అని నిర్ధారించుకోవద్దు.

ప్రశ్న: నేను ఆశ్రమ పాఠశాలలో వార్డెన్‌ని. ఒకరి తువాలు ఒకరు వాడతారు, అమ్మాయిలు ఒకే కాటుక డబ్బా పంచుకుంటారు. ప్రతి వానకాలం కండ్లకలక వస్తుంది. ఇది ట్రకోమాగా మారుతుందా?
– ఒక పాఠకురాలు, పాడేరు

జవాబు: మారదు. కండ్లకలక ఎక్కువగా వైరస్ వలన వస్తుంది, వారం పది రోజులలో తగ్గిపోతుంది. ట్రకోమా సూక్ష్మజీవి వేరు, అది మన ప్రాంతంలో ఇప్పుడు అరుదు. అయితే రెండూ ప్రయాణించే దారి మాత్రం ఒకటే: వేళ్ళు, తువాలు, కాటుక పుల్ల, ఆనుకుని వేసిన పక్కలు. కాబట్టి మీరు కండ్లకలక కోసం తీసుకునే జాగ్రత్తలు ట్రకోమాను కూడా ఆపుతాయి.

ప్రతి విద్యార్థికీ పేరు కుట్టిన తువాలు ఇచ్చి, వాటిని ఒకదాని మీద ఒకటి కాకుండా తీగ మీద ఎండలో విడివిడిగా ఆరవేయించండి. కాటుక ఎవరిది వారే పెట్టుకోవాలి. పక్కల మధ్య ఎడం పెట్టలేనంత ఇరుకుగా గది ఉంటే, ఒకరి తల పక్కన మరొకరి కాళ్ళు వచ్చేలా పడుకోబెట్టినా ముఖాల మధ్య దూరం పెరుగుతుంది. ఉదయం ప్రార్థనకు ముందు కుళాయిల వద్ద రద్దీ వలన చిన్న తరగతుల పిల్లలు ముఖం కడగకుండానే వరుసలో నిలబడుతుంటారు. వారికి పెద్ద తరగతుల కంటె పది నిమిషాలు ముందు కుళాయి వదలడం మీ చేతిలో ఉన్న పని. కళ్ళు ఎర్రబడిన పిల్లలకు దుకాణంలో దొరికే స్టిరాయిడ్ చుక్కలు వైద్యుల సలహా లేకుండా ఎట్టి పరిస్థితులలోనూ వేయవద్దు. మూడు వారాలు దాటినా తగ్గని ఎరుపు గాని, కంటిలో ఏదో గుచ్చుకుంటున్నట్టుందన్న ఫిర్యాదు గాని ఉంటే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని కంటి సహాయకుడికి చూపించి, పైరెప్ప తిరగేసి పరీక్షించమని మీరే అడగండి.